నెమలినార: మన చెట్టుకి ఎల్మ్ అనే పేరెలా వచ్చింది?

ఎండాకాలంలో హైదరాబాద్‌లో కొన్ని చెట్ల కింద గుండ్రటి, పల్చటి కాగితం ముక్కల్లాంటి కాయలు రాలి ఉంటాయి. మధ్యలో ఒక గింజ, చుట్టూ రెక్క. గాలికి ఎగిరి బాల్కనీల్లోకి కూడా వచ్చేస్తాయి. ఆ చెట్టు పేరు నెమలినార. ఇంగ్లీషులో ఇండియన్ ఎల్మ్ అంటారు. మరి ఎల్మ్ అనేది చలిదేశాల చెట్టు కదా, ఆ పేరు దీనికెందుకు?

1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టర్ ఈస్టిండియా కంపెనీ సర్జన్‌గా మన సామర్లకోటలో ఉండేవాడు. ఆయనకి మొక్కల పిచ్చి. ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు గీయించి, మనవాళ్లు చెప్పిన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. సోమిద చెట్టు శాస్త్రీయ నామం ‘సోయ్‌మిడా’ మన తెలుగు మాట నుంచి వచ్చిందే! 1795లో మొదలైన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో నెమలినారకి ‘ఉల్మస్ ఇంటెగ్రిఫోలియా’ అని పేరు పెట్టాడు. ఉల్మస్ అంటే ఎల్మ్. రెక్కల కాయ చూస్తే ఎవరికైనా ఎల్మే గుర్తొస్తుంది.

ఎల్మ్‌లలో ఒక విచిత్రం ఉంది. యూరప్‌లో విచ్ ఎల్మ్, ఫీల్డ్ ఎల్మ్ పక్కపక్కన పెరిగిన చోట మనిషి ప్రమేయం లేకుండానే, గాలికి ఎగిరిన పుప్పొడితో డచ్ ఎల్మ్ అనే హైబ్రిడ్ పుట్టింది. మన నెమలినార కూడా అలాంటిదేనా? కాదు. ఎల్మ్ ఆకు అంచు రంపంలా ఉంటుంది, దీని ఆకు అంచు నున్నగా ఉంటుంది. 1848లో ప్లాంషాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వేరుచేసి ‘హోలోప్టీలియా’ అన్నాడు. దీని దగ్గరి చుట్టం ఆఫ్రికాలో ఉంది. అంటే ఎల్మ్ కుటుంబమే గానీ, ఇల్లు వేరు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద గొడవ గుర్తుందిగా. చెట్లు కొట్టడం ఆపమని ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెప్పింది. అది అడవా, కాదా అన్నదే అక్కడ పెద్ద వాదన. పేరు తెలియని చెట్టు అందరికీ ‘పిచ్చిచెట్టు’గానే కనిపిస్తుంది. అక్కడ ఏముందో పేర్లతో చెప్పగలిగితేనే మన మాటకి బలం.

నెమలినార పుప్పొడి కొందరికి అలర్జీ తెస్తుంది, అది నిజమే. దానికి ఉన్న చెట్టు నరకక్కర్లేదు, కొత్తగా నాటేటప్పుడు స్కూలు, ఆస్పత్రి గోడల పక్కన వద్దనుకుంటే చాలు.

మీ ఊళ్లో దీన్ని ఏమంటారో మీ నానమ్మనో, తాతయ్యనో అడిగి కామెంట్‌లో రాయండి. ఉంటా మరి.