గణన యంత్రాలు – వాటి వేడిమి

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మిట్టలలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు వానకు మొగం వాచినవి. గణన యంత్రాల చరిత్రలో ఈ మెట్ట సీమకు చోటెక్కడిదని శ్రోతలు అడుగవచ్చు. చోటున్నది, అది చిన్నదే గాని చెప్పుకోదగినది.

2002 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన హ్యూలెట్ పాకార్డ్ సంస్థ, నాటి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి, కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే మూడేండ్ల కార్యక్రమాన్ని ఆరంభించినది. ఐదు మండలాలు, సుమారు మూడు లక్షల జనం దాని పరిధి. పల్లెలలో సమాచార కేంద్రాలు వెలసినవి. పొదుపు సంఘాల స్త్రీలు కొందరికి డిజిటల్ కెమెరాలు, వెంట మోసుకొనిపోగల చిన్న అచ్చు యంత్రాలు ఇచ్చినారు. వారు ఊరూరా తిరిగి ఛాయాచిత్రాలు తీసి, అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి, నాలుగు రూకలు సంపాదించుకొన్నారు. ఆ అచ్చు యంత్రానికి కావలసిన విద్యుత్తు సూర్యరశ్మి పలకనుండి వచ్చేది. వాతావరణాన్ని కాపాడవలెనన్న సంకల్పం అందులో ప్రధానం కాదు. పల్లెలో కరెంటు నిలకడగా ఉండదన్నదే అసలు కారణం. అయినా ఒక ధర్మం దానంతట అదే పాటింపబడినది: ఎండ ఎంత ఇస్తే యంత్రం అంతే పనిచేసినది.

పెద్ద యంత్రాల స్వభావం వేరు. 1946లో అమెరికాలో లోకానికి తెలియవచ్చిన ఎనియాక్ యంత్రంలో సుమారు పద్దెనిమిది వేల శూన్యనాళికలు ఉండేవి. అది 150 కిలోవాట్ల విద్యుత్తును హరించేది. మన దేశంలో 1960లో బొంబాయి టాటా సంస్థలో వెలసిన టిఫ్రాక్‌కు నాళికలు 2,700. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపితమైన తరువాత తెలుగునేలమీద కూడా కంప్యూటర్ల తయారీ సాగినది. నాళికలు పోయి చిప్పులు వచ్చినవి గాని ప్రకృతి నియమం మారలేదు. గణనానికి వెచ్చించిన విద్యుత్తు యావత్తూ చివరకు వేడిగా మారవలసినదే. ఆ వేడిని బయటికి నెట్టుటకు మరికొంత విద్యుత్తు కావలెను. అంటే ఒక పనికి రెండు ఖర్చులు.

ఇప్పుడు ‘క్లౌడ్’ అని మేఘం పేరుతో పిలిచేది ఆకాశంలో లేదు. అది వేలాది యంత్రాలు బారులు తీరిన భవనం. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదులో తెరిచినది అటువంటిదే. ఇట్టి కేంద్రాలలో పొదుపును కొలిచే లెక్క ఒకటున్నది. యంత్రానికి ఒక యూనిట్టు అందవలెనంటే భవనం మొత్తంమీద ఎన్ని యూనిట్లు వాడవలసి వచ్చినదనేదే ఆ లెక్క. 2007 ప్రాంతంలో ప్రపంచ సగటు రెండున్నర. నేడు సుమారు ఒకటిన్నర. గూగుల్ సంస్థ తన కేంద్రాలలో సగటున 1.09కి దించినది. చలిదేశాలు వెదకినవారూ ఉన్నారు: 2011లో ఫిన్లాండులోని హామినాలో, మూతపడిన కాగితపు మిల్లులో, సముద్రపు నీటితో చల్లబరచే కేంద్రం పనిచేయసాగినది. వేసవికి తాళలేక కడప కలెక్టరు హార్స్లీ దొర మదనపల్లె దాపున కొండమీద బంగళా కట్టుకొన్న ఉపాయమే ఇది.

పుంగనూరు ఆవు కొద్దిపాటి మేతతో చిక్కని పాలిస్తుందని దానికి పేరు. యంత్రాలూ అట్లే మితాహారులైనవి. కాని మంద పెరిగినది. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో డేటా కేంద్రాలు 41,500 కోట్ల యూనిట్లు, అనగా ప్రపంచ విద్యుత్తులో నూటికి ఒకటిన్నర వంతు వాడినవి. 2030కి ఇది 94,500 కోట్లు కాగలదట. అంత పొదుపరియైన గూగుల్ సంస్థ ఉద్గారాలే 2019తో పోలిస్తే 2023 నాటికి నూటికి 48 వంతులు పెరిగినవి. పొదుపు మంచిదే, అది ఒక్కటే చాలదని ఈ అంకెలు చెప్పుచున్నవి.

ఆ గూగుల్ సంస్థే 2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో గిగావాటు స్థాయి కేంద్రాన్ని ప్రకటించినది. ఐదేండ్లలో పెట్టుబడి 1,500 కోట్ల డాలర్లు. ఒక గిగావాటు ఏడాది పొడుగునా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. మన దేశపు సగటు విద్యుత్తులో యూనిట్టుకు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ కరెంటునే వాడితే ఏటా అరవై లక్షల టన్నులకు పైమాట.

ఎండకు మనకు కొరత లేదు. 2017 నాటికే కర్నూలు సీమలో వెయ్యి మెగావాట్ల సూర్యవిద్యుత్ క్షేత్రం నిలిచినది. చిక్కంతా రాత్రిది. కుప్పం స్త్రీ పొద్దుగూకగానే పెట్టె మూసి ఇంటికి పోవచ్చును. విశాఖ యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 2022లో శంకుస్థాపన జరిగిన 1,680 మెగావాట్ల పథకం ఉద్దేశం ఇదే: పగటి విద్యుత్తుతో నీటిని పై జలాశయానికి ఎత్తి, రాత్రి క్రిందికి వదలి మరల విద్యుత్తు తీయుట. ఎత్తి దించుటలో అయిదవ వంతు నష్టం తప్పదు.

లెక్క వ్రాసే తీరులోనూ మెలకువ కావలెను. పగలు మిగిలిన సూర్యవిద్యుత్తును రాత్రి కాల్చిన బొగ్గుకు చెల్లువేసి, ఏడాది చివర సరిపోయినదనుట ఒక పద్ధతి. ఏ గంట విద్యుత్తును ఆ గంటలోనే సరిచూచుట మరొకటి. రెండవదే నిజమైన లెక్క అని నా అభిప్రాయం.

నీటి మాట కూడా ఉన్నది. ఆవిరి పద్ధతిలో చల్లబరిస్తే నీరు ఖర్చు. నీరు మానితే విద్యుత్తు ఖర్చు పెరుగుతుంది. పడమటి మిట్టల వారికి ఈ రెంటి విలువా తెలుసు. 2025 ఆగస్టు 30న కుప్పం సమీపాన పరమసముద్రం చెరువుకు హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణాజలం చేరినది. శ్రీశైలం వెనుకజలాలనుండి పంపుమీద పంపుతో ఎత్తి, పుంగనూరు బ్రాంచి కాలువ మీదుగా తెచ్చిన నీరది. ఆ పంపులూ విశాఖ కేంద్రమూ ఒకే విద్యుత్ జాలంలోని తీగలకు తగిలించవలసినవే. తాను పనిచేసే ప్రతి చోటా గంటగంటకూ నిష్కర్బన విద్యుత్తే వాడవలెనని గూగుల్ 2020లో పెట్టుకొన్న గడువు 2030. విశాఖ పెట్టుబడికి చెప్పిన గడువూ ఆ ఏడుతోనే ముగుస్తుంది.