గేలెన్ సిర వైకల్యం

గేలెన్ సిర వైకల్యం పుట్టుకతో వచ్చే అరుదైన రక్తనాళ లోపం. మామూలుగా ధమనిలోని రక్తం సన్నని కేశనాళికల గుండా సాగి, వేగమూ ఒత్తిడీ తగ్గాకే సిరను చేరుతుంది. ఈ లోపంలో మెదడు నడుమ ఉన్న ధమనులు నేరుగా ఒక సిరలోకి తెరుచుకుంటాయి. రక్తం ఉరవడిగా వచ్చి పడటంతో ఆ సిర బుడగలా ఉబ్బుతుంది.

తేలికైన దారి దొరికాక రక్తం అటే పరుగు తీస్తుంది. మిగతా శరీరానికి చాలినంత రక్తం అందించలేక గుండె అలిసిపోతుంది. కడుపులో ఉన్నంతకాలం మాయ కూడా రక్తాన్ని తనవైపు లాగుతుంది కనుక గుండె నెగ్గుకొస్తుంది. బొడ్డు కోశాకే అసలు భారం పడుతుంది. పుట్టినప్పుడు బాగానే కనిపించిన బిడ్డ కొద్ది గంటల్లోనో రోజుల్లోనో రొప్పడం మొదలుపెట్టవచ్చు. మాడు మీద స్టెతస్కోపు ఆనిస్తే లోపల రక్తం హోరు వినిపించవచ్చు.

పేరులోని పొరపాటు

గేలెన్ 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు. పెర్గమమ్‌లో పుట్టి రోమ్‌లో పేరు తెచ్చుకున్నాడు. మెదడు లోతుల నుంచి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద సిరను ఆయన పేరుతోనే పిలుస్తారు. ఉబ్బింది ఆ సిరేనని వైద్యులు చాలాకాలం నమ్మారు. అది కాదని 1989లో రేబో, స్ట్రోథర్, హాల్డ్ చూపించారు. అది పిండదశ తొలి వారాల్లో ఏర్పడి, ఆ తర్వాత కనుమరుగు కావాల్సిన మార్కోవ్‌స్కీ సిర. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది.

కత్తి నుంచి కాథెటర్‌కు

1937లో జేగర్, ఫోర్బ్స్, డాండీ ఇలాంటి వైకల్యాన్ని వర్ణించారు. 1949లో బోల్డ్రే, మిల్లర్ ధమనులను ముడివేసి చికిత్స చేసిన ఇద్దరు రోగుల వివరాలు ప్రకటించారు. 1964లో గోల్డ్, ఆయన సహచరులు లక్షణాలను వయసును బట్టి విడదీశారు: పురిటి బిడ్డల్లో గుండె వైఫల్యం, పసిపిల్లల్లో తలలో నీరు చేరడం, పెద్దవారిలో తలనొప్పి, రక్తస్రావం. కానీ పుర్రె తెరిచి అంత లోతుకు వెళ్లే శస్త్రచికిత్సను తట్టుకునే శక్తి పురిటి బిడ్డలకు ఉండేది కాదు. వారిలో అత్యధికులు దక్కలేదు.

1980ల నుంచి దారి మారింది. గజ్జల్లోని ధమని గుండా కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, జిగురుతో ఆ అడ్డదారులను మూసే పద్ధతి వచ్చింది. పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆసుపత్రిలో పియర్ లాజోనియా దీనికి ఒక క్రమం ఏర్పరిచాడు. గుండె, మెదడు, ఊపిరి, కాలేయం, మూత్రపిండాల స్థితిని కలిపి 21 మార్కులకు లెక్కించాడు. 12 దాటితే బిడ్డకు సుమారు 5 నెలలు నిండేదాకా ఆగవచ్చు, 8 నుంచి 12 మధ్య ఉంటే వెంటనే చికిత్స చేయాలి. ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా వైద్యమేనని ఆయన పద్ధతి నేర్పింది. 2006లో ఆయన బృందం ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఇలా చికిత్స పొంది బతికినవారిలో 74 శాతం మంది నాడీపరంగా మామూలుగా ఉన్నారు.

పుట్టకముందే

2023 మార్చిలో బోస్టన్‌లో డారెన్ ఓర్బాక్ బృందం 34 వారాల గర్భస్థ శిశువులోనే ఈ వైకల్యానికి చికిత్స చేసింది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, తల్లి పొట్ట మీదుగా సూదిని శిశువు తలలోని సిరదాకా పంపి, లోహపు తీగచుట్టలతో రక్తపు ఉరవడిని తగ్గించారు. రెండు రోజుల తర్వాత పుట్టిన ఆ పాపకు మందులతో గుండెకు ఆసరా ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

పుట్టకముందే గుర్తించగలిగితే, ఈ వైకల్యం ఎక్కువగా గర్భం చివరి 3 నెలల స్కానింగ్‌లోనే బయటపడుతుంది. ముందే తెలిస్తే, తగిన వైద్యబృందం ఉన్నచోట కాన్పు జరిగేలా చూసుకోవచ్చు. బొడ్డు కోసిన తర్వాతి తొలి గంటలే ఆ బిడ్డకు ప్రాణం.