వెనక్కి తిరగాల్సిన చక్రాలు

పల్నాడు గురించి ఏం రాసినా శ్రీనాథుడి జొన్నకూడు చాటువుతో మొదలుపెట్టడం మనవాళ్లకు అలవాటు. ఈసారికి ఆయన జోలికి పోను. ఆయన నీళ్లు లేవని తిట్టిపోసిన సీమలో ఇప్పుడున్న తగువు నీళ్లు ఎవరు, ఏ వేళకు వదలాలన్నది.

రెంటచింతల మండలంలో కృష్ణ ఒడ్డున సత్రశాల ఉంది. ఇదివరకు ఆ పేరు చెబితే శివాలయం, నదీస్నానం గుర్తొచ్చేవి. ఇప్పుడు అక్కడ నదికి అడ్డంగా ఓ ఆనకట్ట, దాని పక్కన 25 మెగావాట్ల యూనిట్లు రెండు ఉన్నాయి. నాగార్జునసాగర్‌కు ఇరవై కిలోమీటర్ల దిగువనున్న ఈ టెయిల్‌పాండ్‌ను ఏపీ జెన్‌కో కట్టింది. యాభై మెగావాట్ల కోసం ఇంత కట్టడమెందుకన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ఎగువకు, అలాగే కొంచెం వెనక్కి పోవాలి.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అంతకు ముందు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఈ ప్రాజెక్టు కోసం కాళ్లరిగేలా తిరిగారు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చి స్థలం చూసి వెళ్లింది. వీళ్లందరి మనసులో ఉన్నది పొలం. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. డ్యామ్ పాదం దగ్గరి పెద్ద పవర్ హౌస్‌లో మొదటి యూనిట్ తిరగడానికి 1978 దాకా ఆగాల్సి వచ్చింది. అది 110 మెగావాట్లది. తర్వాత 1985 నాటికి 100.8 మెగావాట్లవి మరో ఏడు చేరాయి.

కథంతా ఆ ఏడింటిలోనే ఉంది. అవి రెండు వైపులా తిరిగే రకం. కరెంటుకు గిరాకీ ఉన్న వేళ నీళ్లు కిందికి దూకుతూ వాటిని తిప్పుతాయి. కరెంటు మిగిలిపోయిన వేళ అవే మోటార్లై కింది నీటిని మళ్లీ జలాశయంలోకి తోడిపోస్తాయి. అయితే తోడాలంటే కింద నీళ్లు నిలిచి ఉండాలి కదా! కిందున్నది పారే ఏరు. చక్రాలు ముందొచ్చాయి, చెరువు రాలేదు. సత్రశాల దగ్గర ఆనకట్ట కట్టి అక్కడి యూనిట్లను నడిపే సరికి 2017 వచ్చింది. వెనక్కి తిరగాల్సిన యంత్రాలు దశాబ్దాల పాటు ముందుకే తిరిగాయి. ఒక్కసారి పోయిన నీళ్లు పోయినట్టే.

ఈలోగా యజమాని పేరే రెండుసార్లు మారింది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999 ఫిబ్రవరి 1న జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2014 జూన్ 2న జెన్‌కో రెండైంది. విద్యుత్ కేంద్రం ఏ రాష్ట్రపు నేల మీద ఉంటే ఆ రాష్ట్రానికే అన్నారు. కరెంటు మాత్రం కొంతకాలం తెలంగాణకు 53.89, ఆంధ్రకు 46.11 శాతం చొప్పున పంచుకున్నారు. అలా సాగర్ పెద్ద పవర్ హౌస్, ఎడమ కాలువ పవర్ హౌస్ తెలంగాణకు పోయాయి. 30 మెగావాట్లవి మూడున్న కుడి కాలువ పవర్ హౌస్, సత్రశాల మనకు మిగిలాయి. తోడే మోటార్లు అటు, తోడాల్సిన చెరువు ఇటు. ఆస్తి పంపకంలో ఎద్దులు ఒకరికి, బండి ఇంకొకరికి వచ్చినట్టు.

2014కు ఇంకో విశేషం ఉంది. జనవరి 1 నుంచి కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. ముంపులో ఇల్లూ పొలమూ పోయినవాడికి ధరతో పాటు పునరావాసమూ హక్కేనని ఒప్పుకుంది. ఏప్రిల్ 1 నుంచి కంపెనీల చట్టంలో సామాజిక బాధ్యత నిబంధన అమలైంది. దాని ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. సాగర్ ముంపు కోసం కృష్ణ లోయను ఖాళీ చేసి లేచినవాళ్లకు ఇవి రెండూ అందలేదు. వాళ్ల కాలానికి ఉన్నది 1894 నాటి బ్రిటిష్ చట్టం, అది లెక్కగట్టిన ధర. అదే లోయలో 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇక్ష్వాకుల విజయపురి కట్టడాల్లో ముఖ్యమైన కొన్నింటిని కొండ మీదికి, అనుపుకు తరలించి మళ్లీ నిలబెట్టింది. గొప్ప పనే, కాదనను. అనుపులో ఆ రాళ్ల మధ్య తిరిగినప్పుడల్లా, విహారానికి దొరికినంత శ్రద్ధ ఊళ్లకూ దొరికి ఉంటే అనిపిస్తుంది.

ఆ రెండు శాతం సంగతి కూడా చూద్దాం. బడికి బెంచీలు, ఊరికి నీటి ట్యాంకు, కంపెనీ పేరు కాస్త పెద్ద అక్షరాల్లో రాసిన బస్ షెల్టరు. మంచివే. కానీ ఆ లెక్కకు పునాది లాభం. మూడేళ్ల సగటు నష్టంలో ఉంటే కట్టాల్సింది సున్నా. జల విద్యుత్ సంస్థ చేసే మేలూ కీడూ దాని లాభనష్టాల పట్టీలో కనపడేవి కావు. అవి అది నీళ్లు వదిలే వేళలో ఉంటాయి.

కుడి కాలువ పవర్ హౌస్‌నే చూడండి. జలాశయం నుంచి కాలువలోకి దిగే నీళ్లే దాన్ని తిప్పుతాయి. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో దాదాపు 11 లక్షల ఎకరాల ఆయకట్టుకు నీళ్లిచ్చే కాలువ అది. పైరుకు నీళ్లు వదిలితేనే కరెంటు, కాలువ కట్టేస్తే యూనిట్లకు సెలవు. ఇక్కడ రైతు వేళే కరెంటు వేళ.

నది మీది పెద్ద పవర్ హౌస్‌కు ఆ కట్టుబాటు లేదు. 2021 జూన్ చివర తెలంగాణ తన జల విద్యుత్ కేంద్రాలన్నిటినీ పూర్తి సామర్థ్యంతో నడపమంది. శ్రీశైలం ప్రాజెక్టు పుట్టిందే కరెంటు కోసమని, ఎత్తిపోతల మోటార్లకు కరెంటు కావాలని వాళ్ల వాదన. అందులోనూ పస లేకపోలేదు. కానీ అప్పటికి కృష్ణా డెల్టాలో నీళ్ల అవసరమే రాలేదు. దిగువన పులిచింతల ప్రాజెక్టు దాటిన నీళ్లను ఆపే చోటు లేక ప్రకాశం బ్యారేజీ నుంచి సముద్రానికి వదిలారు. సాగర్ మీద, పులిచింతల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులు మోహరించారు. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. తోడిపోసే ఏర్పాటు సాగర్ దగ్గర సరిగా సాగి ఉంటే ఆ నీళ్లలో కొన్నయినా వెనక్కి వచ్చేవేమో.

వేళ తప్పితే పోయేది నీళ్లే కాదు. రాష్ట్రం విడిపోయిన ఆరు రోజులకు, 2014 జూన్ 8న, హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారమివ్వాలని అక్కడి హైకోర్టు తేల్చింది. అందులో పెద్ద వాటా అక్కడి విద్యుత్ బోర్డు మీదే పడింది. వినపడే సైరనుకు అయ్యే ఖర్చెంత?

సత్రశాల రేవులో స్నానానికి దిగే మనిషికి ఎగువన ఏ యూనిట్ ఎప్పుడు తిరుగుతుందో తెలియదు. ఒడ్డున నీళ్లు జరిగితే దిగాయని, తడి పైకెక్కితే వచ్చాయని అనుకుంటాడు. సాగర్ మోటార్లు నీళ్లను పైకి తోడాలంటే ఈ చెరువు నిండి ఉండాలి. చెరువు గేట్లు విజయవాడ మాట వింటాయి, మోటార్లు హైదరాబాద్ మాట వింటాయి.