కారెంపూడి వీరుల తిరునాళ్ళు



మెక్సికోలో ఏటా సెప్టెంబరు 15 రాత్రి దేశాధ్యక్షులు రాజభవనం మేడమీద నిలబడి గంట మోగిస్తారు. 1810లో హిదాల్గో అనే మతగురువు చర్చిగంట కొట్టించి, స్పెయిన్ దొరతనం మీద జనాన్ని లేపాడు. ఆ గంటకు గుర్తన్నమాట. కింద వీధుల్లో జనం జేజేలు కొడతారు.

అంత దూరం ఎందుకు? మన పల్నాటిలో, గురజాలకు దగ్గర్లోని కారెంపూడిలో, కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. కథలో ముందు జరిగిన కోడిపందెం ఉత్సవంలో నాలుగో రోజుకు వచ్చిందేమిటని అడక్కండి, ఆనవాయితీ అంతే! వీరుల ఆయుధాలను నాగులేటిలో కడిగి, వీరుల గుడి దగ్గర పూజిస్తారు.

అక్కడ పగవాడు పరదేశి. ఇక్కడ, 12వ శతాబ్దంలో కొట్టుకున్నది ఒకే ఇంటి అన్నదమ్ములు, నలగామరాజు, మలిదేవరాజు. పందెంలో ఓడిన మలిదేవుడి పక్షం ఏడేళ్ళు ఊరు విడిచింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి వెళ్ళిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఇక యుద్ధమే.

నిందంతా నాయకురాలు నాగమ్మ మీద వేస్తారు. రాజ్యం నడిపిన మంత్రి ఆడది కాకపోతే అంత నోరు చేసుకునేవారా అని నాకెప్పుడూ సందేహమే. అటు మాంచాలను చూడండి. భర్త బాలచంద్రుడు ఆమె మొహం చూసినవాడు కాడు. వేశ్య ఇంట్లోనే కాలక్షేపం. తీరా యుద్ధానికి పోతూ, తల్లి పంపితే భార్య గడప తొక్కాడు. దొరక్క దొరికిన మొగుణ్ణి ఆ ఇల్లాలు ఆపలేదు, రణానికే సాగనంపింది. వీరుడని అతణ్ణి తలుచుకునేటప్పుడు ఆమె గుండెను ఎందరు తలుచుకుంటారు?

నాకు ముచ్చటైన రోజు మందపోరు. బ్రహ్మనాయుడు మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చేసుకుని, సేనకు నాయకుణ్ణి చేశాడని కథ. అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. దాన్నే చాపకూడు అంటారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మాట ఇది! మన వంటింట్లో పనిమనిషి గ్లాసు ఇంకా వేరేగానే పెట్టే ఇళ్ళున్నాయి మరి. ఆ మందపోరు రోజున కారెంపూడిలో ఇప్పటికీ చాపకూడు వడ్డిస్తారు, పక్కన కూర్చున్నవాళ్ళ కులం అడగరు.