తరిమెనయు, చదువుకొన్న యిండ్లును

మన తెలుగునాట ఆడుబిడ్డ నడిపెడు మొదటి కాపురము లక్కపిడతల కాపురము. అరచేతిలో నిమిడెడు పొయ్యి, కుండ, గరిటె, తిరుగలి, రోలు, రోకలి ఎఱ్ఱగను, పచ్చగను నిగనిగలాడుచు చిన్నబుట్టలో నొదిగి యుండెడివి. ఉత్తుత్తి యన్నము వండి ఉత్తుత్తి చుట్టములకు వడ్డింపని యవ్వలు మనలో అరుదు. ఆ పిడతల నెఱిగినవారు పలువురు గాని, వానిని పుట్టించిన సాధనము నెఱిగినవారు కొందఱే. దానికి మన పూర్వులు పెట్టిన పేరు తరిమెన. ఇప్పుడు లేతు యంత్రమనిన గాని పలువురికి తెలియదు. పేరు మఱచుట చిన్న విషయము. పేరుతోపాటు ఆ పనిమీది గౌరవమును గూడ మఱచితిమి. ఇది చిన్న విషయము కాదు.

పుంగనూరు సీమలోని సోమల మా యూరు. బాల్యమున బడి విడిచినతోడనే మే మొక వడ్రంగి కొట్టము కడ నిలుచువారము. నాగలికి మేడి యమర్చుటయు, బండిచక్రమునకు ఆకులు చెక్కుటయు చూచుచు ప్రొద్దు మఱచువారము. ఒకనాడు ఆ పెద్దాయన సగము చేసిన బొంగరమును మా చేతికిచ్చి, మిగిలిన భాగమును మమ్మే నునుపు చేయుమనెను. ఆ సంగతి యింట తెలిసినది. "చదువుకొనువానికి ఉలి యేల? వ్రేలు తెగిన వ్రాత పోవును" అని పెద్దలు మందలించిరి. వారిది ప్రేమయే. కాని ఆనాడు మా చేతినుండి తీసికొన్నది ఉలి మాత్రమే కాదని తెలియుటకు మాకు నలువది యేండ్లు పట్టెను. చేతిపని యొరులు చేయవలసినది, మనము చేయించుకొనవలసినది యను తలపు ఆనాడే మాలో నాటుకొనెను. చదువరులలో ననేకుల యిండ్లలో ఇట్టి మందలింపు వినబడియే యుండును. అందుచేత ఈ పని పూర్వచరిత్రను కొంత విచారింతము.

ఇతర వడ్రంగిపనులలో కొయ్య కదలక యుండును, పనిముట్టు కదలును. తరిమెనపై కొయ్య తిరుగును, ఉలి నిలుచును. రెండు మొనల నడుమ కొయ్యను బిగించి, దానికి త్రాడు చుట్టి, తోడుమనిషి ఆ త్రాటి కొనలను మార్చి మార్చి లాగుచుండగా, పనివాడు నేలపై కూర్చుండి ఉలి నానించును. ఈ పాతపద్ధతిలో కొయ్య ముందునకు నొకసారి, వెనుకకు నొకసారి తిరుగును. ముందునకు తిరిగినప్పుడే ఉలి కోయును. వెనుకకు తిరిగినప్పుడు తప్పింపవలెను. తరువాత కాలితో త్రొక్కెడు చక్రమును, పిమ్మట విద్యుచ్ఛక్తియు వచ్చి కొయ్యను ఒకే దిక్కునకు త్రిప్పెను. సాధనము మాఱెను గాని, ఉలిని ఏ వాలున నెంత లోతుగా నానింపవలెనో తెలిసికొనవలసినది నేటికిని చేయియే.

ఈ విద్య మిక్కిలి పురాతనమైనది. ఐగుప్తుదేశమున పెటోసిరిస్ అను పూజారి సమాధిలో, క్రీస్తుకు పూర్వము సుమారు 300 ప్రాంతమున చెక్కిన చిత్రమున, ఒకడు పట్టె లాగుచుండ మఱియొకడు ఉలి పట్టి యుండుట కనబడును. మన దేశమున దీనికంటె మనసున కెక్కెడు సాక్ష్యము బౌద్ధుల పాలీగ్రంథములలో నున్నది. సతిపట్ఠానసుత్తమున శ్వాసను గమనించెడు సాధన నేర్పునప్పుడు బుద్ధుడు తరిమెనవానినే ఉపమానముగా గ్రహించెను. త్రాటి లాగు దీర్ఘమో హ్రస్వమో పనివానికి ఎట్లు తెలిసియుండునో, సాధకునికి తన యూపిరియు నట్లే తెలిసియుండవలెనని దాని తాత్పర్యము. అంతటి యాచార్యుడు మనోనిగ్రహమునకు పోలిక వెదకినప్పుడు ఈ పనివాని కొట్టము తట్టినదనిన, ఈ పనిని తక్కువ చేయుటకు మన మెవరము? హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడిని చూచినవారు సైతము, ఆ కంబముల గుండ్రని కట్లను తడవి, రాతినే తరిమెన పట్టిరా యని యచ్చెరువందుదురు.

తెలుగువారిలో ఈ విద్య నిలుకడగా నిలిచిన యూరు ఏటికొప్పాక. వరాహనది యొడ్డుననున్న యీ గ్రామము పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది; 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. కొండపల్లి బొమ్మను పొణికికొయ్యతో చెక్కి, ముక్కలతికి చేయుదురు. ఏటికొప్పాక బొమ్మ తరిమెనపై తిరిగి పుట్టును. అందుచేతనే దాని యొడలెల్ల గుండ్రన. కొయ్య అంకుడు, తెల్లనిది, మెత్తనిది, సన్నని పోగు గలది. కొమ్మ నఱికినను మరల చిగిర్చెడు చెట్టు. నఱికిన కొయ్యను బాగుగ నాఱనిచ్చి, తరిమెనకెక్కించి రూపము తీయుదురు. పిమ్మట రంగు కలిపిన లక్కకడ్డిని తిరుగుచున్న కొయ్యకు నొత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు పట్టుకొనును. తుదకు మొగలిరేకుతో నొత్తగా అద్దమువంటి మెఱుగు వచ్చును. కుంచె లేదు, కొలిమియు లేదు. తిరుగుటయే రూపము, తిరుగుటయే వేడి, తిరుగుటయే మెఱుగు!

రంగుల కథ తల్లులు వినదగినది. పసుపుకొమ్ముల నుండి పసుపును, నీలిమందు నుండి నీలమును, జాఫ్రాగింజల నుండి నారింజవన్నెను తీయవచ్చును. అంగడి రసాయనపు రంగులు వచ్చిన తరువాత, చవుకయు సులభమును అగుటచే, అవి చెట్లరంగులను త్రోసివేసెను. బొమ్మ మొదట బిడ్డ చేతికి, పిదప నోటికి పోవునని తల్లులకు చెప్పనక్కఱలేదు. 2007లో సీసము కలిసిన రంగు పూసిన బొమ్మలను పెక్కుదేశముల అంగళ్ల నుండి లక్షలకొలది వెనుకకు తీసికొనవలసి వచ్చెను. ఏటికొప్పాకలో సి. వి. రాజుగా రంతకు ముందే చెట్లరంగులను మరల శోధించి, పనివారిచే వాడించుటకు పూనుకొనిరి. ఆ యూరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చెను. 2025 గణతంత్రదినమున ఢిల్లీ వీధులలో ఆంధ్రప్రదేశపు శకటముపై ఊరేగినవి ఏటికొప్పాక బొమ్మలే. మా సోమలకు ఏటికొప్పాకకంటె దగ్గరిది మైసూరు త్రోవలోని చన్నపట్న. అక్కడి కన్నడ సోదరులును ఈ చెట్టుకొయ్యనే తరిమెన పట్టి లక్క పూయుదురు.

ఊరేగింపులు, బిరుదులు సంతోషకరములే. అయినను పనివానిని పొగడుట వేఱు, పనిని గౌరవించుట వేఱు. ఈ భేదము తెలియుటకు పశ్చిమఖండమువైపు చూడవలెను. రష్యా చక్రవర్తి పీటరు, 1725లో చనిపోయినవాడు, రాజ్యభారము నడుమ తీరిక చేసికొని తన చేతులతో తరిమెన పట్టెడివాడు. నార్తోవ్ అను పనివాడు ఆయనకు ఈ పనిలో గురువు. ఫ్రాన్సులో ప్లూమియే అను సన్న్యాసి 1701లో ఈ విద్యను గూర్చి పెద్దగ్రంథమే ప్రకటించెను. లండనులో హోల్ట్‌జాఫెల్ వంశీయులు 1795 మొదలు ఒక శతాబ్దమునకు పైగా ధనికుల వేడుకకొఱకే తరిమెనలు చేసి యమ్మిరి. అమెరికాలో 1986లో తరిమెన పట్టువారి సంఘమే యేర్పడెను. ఆ పీటరు కఠినుడు కాడనుట లేదు. ఆ ధనికు లందఱును సమభావము గలవారనుటయు లేదు. కాని ఉలి పట్టుటవలన తమ గౌరవము తగ్గునని వారు భావింపలేదు.

మనకును ఈ బోధ క్రొత్తది కాదు. ఫిన్లాండుదేశము 1866లోనే గ్రామపాఠశాలలలో చేతిపనిని పాఠముగా చేసెను. 1910లో మచిలీపట్టణమున స్థాపింపబడిన ఆంధ్రజాతీయకళాశాల పుస్తకముతోపాటు పనిముట్టునకును చోటిచ్చెను. 1937లో వార్ధాసభయందు మహాత్ముడు చేతిపనియే చదువునకు మూలము కావలెననెను. మనము సభలలో చప్పట్లు చఱచితిమి. ఇంటికి వచ్చి బిడ్డచేతి ఉలిని లాగికొంటిమి.

ఇందు కొక యాక్షేపణ కలదు. చదువుకొన్నవారు వినోదమునకై ఈ పని చేసిన, పనివాని నోటికాడి కూడు పోదా యని యడుగుదురు. మేమును అట్లే తలంచితిమి. చివరకు మే మొక చిన్న తరిమెన కొని, మామిడికొమ్మ ముక్కతో కవ్వము చేయబూనితిమి. మొదటిది విఱిగెను. రెండవది వంకర పోయెను. మూడవది కవ్వమనిన నమ్మువారు లేరు. ఆ తరువాత లక్కపిడతల కొట్టులో వెల వినినప్పుడు బేరమాడుటకు మాకు నోరు రాలేదు. పని పట్టి చూచినవాడే పనివిలువ నెఱుగును. ఎఱిగినవాడే తగిన వెల యిచ్చును. వేడుకకాని కవ్వము పనివాని యంగడి కెన్నడును పోటీ కాదు. అది వాని కొక మంచి కొనుగోలుదారును తయారు చేయును.

కావున పాఠకసోదరీసోదరులకు మా విన్నప మిది. తోటలో కొమ్మలు కొట్టినప్పుడు అన్నిటిని పొయ్యిపాలు చేయక, ఒక్కటి ఆఱనిండు. మొదట కొయ్య పోగు వెంబడి సాగెడు పనులు, బొంగరము, కవ్వము, అప్పడాల కఱ్ఱ, చేయింపుడు. కుంకుమభరిణెయు, గిన్నెయు పిదప చేయవచ్చును. పిల్లలు పెద్దవారి కనుసన్నలలోనే పని చేయవలెను. కంటికి అద్దపు కాపు, ముక్కునకు గుడ్డ తప్పవు. తిరుగుచున్న కొయ్య యెవరిని మన్నింపదు. కావున జడ ముడిచి, పైట దోపి, గాజులు తీసి మఱి నిలువవలెను. ఇది స్త్రీలను వారించుటకు చెప్పిన మాట కాదు, రండని పిలుచుటకు చెప్పినది. లక్కపిడతలతో కాపురము నడిపిన యాడుబిడ్డ ఆ పిడతను తానే చేయగలిగిన నాడు, ఆమెకు ఆట నేర్పిన పనివానికి మనము కొంత ఋణము తీర్చినవార మగుదుము.

మొన్న మా మనుమరాలు మూలనున్న మా వంకర కవ్వమును చూచి నవ్వి, "తాతా, ఉలి నాకియ్యి" అనినది. ఇచ్చితిమి.