కాకినాడ రేవు : ఒక చిన్న సీమ పెరిగిన విధము

సముద్రతీరము ఉన్నంత మాత్రమున రేవు ఏర్పడదు. రేవు ఏర్పడినంత మాత్రమున ఆ ప్రాంతము సంపన్నము కాదు. ఓడ వచ్చి సరకు దింపి, మరియొక సరకు ఎక్కించుకొని వెళ్ళిపోయినచో ఆ రేవు ఒక ద్వారము మాత్రమే. ఆ ద్వారము గుండ పోవు సరకులో కొంత భాగమైనను ఆ ఊరిలో ఆగి, అక్కడి వారి చేతులలో రూపు మారి, వారికి పనిని, కూలిని, విద్యను ఇచ్చినప్పుడే చుట్టుపట్ల పల్లెలకు మేలు కలుగును. ఈ సంగతిని గ్రహించుటకు మన తూర్పుతీరమున ఉన్న కాకినాడ మంచి ఉదాహరణము. ఇది విశాఖపట్నము వలె మహానౌకాశ్రయము కాదు. చెన్నపట్నము వలె రాజధానీనగరమును కాదు. అయినను రెండువందల సంవత్సరముల కాలములో ఒకమారు పైకి వచ్చి, పిదప వెనుకబడి, మరల కోలుకొన్నది. ఈ మార్పులకు గల కారణములను పరిశీలించినచో చిన్న రేవు ఒకటి తన సీమకు ఎట్లు తోడ్పడగలదో, ఎప్పుడు తోడ్పడలేదో తెలియును.

ఇసుక కట్టిన గోడ

మొదట ప్రకృతి చేసిన పనిని చూడవలెను. ధవళేశ్వరము దిగువన గోదావరి పాయలుగా చీలి సముద్రమున కలియుచున్నది. వీనిలో తూర్పుపాయ గౌతమి. ప్రతి సంవత్సరము వరదల కాలములో నది మోసికొని వచ్చు ఇసుక, ఒండ్రుమట్టి సముద్రముఖమున చేరును. నైరృతి ఋతుపవనముల కాలములో అలలు తీరమును ఏటవాలుగా తాకును. ఏటవాలుగా వచ్చిన అల ఇసుకను ఒడ్డుమీదికి ఒక ప్రక్కకు నెట్టును. వెనుకకు మరలునప్పుడు నీరు పల్లమునకు తిన్నగా జారును. ఇట్లు ఒక్కొక్క అలతో ఇసుకరేణువు కొంచెము కొంచెముగా ఉత్తరమునకు జరుగును. ఒక అల చేయు పని అల్పమైనను, నెలల తరబడి ఆగక సాగునట్టి ఈ చలనము వలన లెక్కకు మిక్కిలియైన ఇసుక తీరము వెంట ప్రయాణము చేయును.

గోదావరి ముఖమునకు ఉత్తరమున తీరరేఖ లోపలికి వంగి ఉన్నది. ఇసుక మాత్రము ఆ వంపును అనుసరింపక ముందునకు సాగి, సముద్రములో సన్నని పొడుగాటి తిన్నెగా పేరుకొన్నది. దానినే నేడు హోప్ ఐలండ్ అనుచున్నారు. దీని పొడవు సుమారు 16 కి.మీ. భూశాస్త్రపు లెక్కలో ఇది పసిబిడ్డ. దీని వయస్సు రమారమి రెండు శతాబ్దములు మాత్రమే. ఈ తిన్నె బంగాళాఖాతపు పెద్ద అలలను అడ్డుకొనుట వలన కాకినాడ అఖాతములో నీరు నెమ్మదిగా ఉండును. చెన్నపట్నములో కృత్రిమ నౌకాశ్రయము కట్టకపూర్వము ఓడలు బహిరంగసముద్రములో నిలిచి, మసూలా పడవలు భయంకరమైన అలలను దాటి సరకు మోయవలసి ఉండెను. కాకినాడకు ఆ బాధ లేకపోయెను.

కాని ఇందులో ఒక చిక్కు కూడ కలదు. అలలు లేని నీటిలో ఒండ్రు సులభముగా క్రిందికి దిగును. అందువలన అఖాతము నానాటికి మెరక వేయుచు వచ్చినది. పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేక దూరమున లంగరు వేసినవి. ఓడకును ఒడ్డునకును మధ్య సరకును పడవలు, బార్జీలు మోయవలసి వచ్చెను. కాకినాడకు లంగరు రేవు అను పేరు ఇందుచేతనే వచ్చినది.

కోరంగి అస్తమయము

కాకినాడకు పూర్వము ఆ ప్రాంతమున పేరొందిన రేవు కోరంగి. గౌతమి పాయలలో ఒకదాని ముఖమున ఉన్న ఈ ఊరిలో ఓడలు కట్టెడివారు; దెబ్బతిన్న ఓడలను బాగుచేసెడివారు. సమీపమున యానాములో ఫ్రెంచివారు, ఇంజరములో ఆంగ్లేయులు, కాకినాడను ఆనుకొని ఉన్న జగన్నాథపురములో డచ్చివారు వర్తకస్థానములు నెలకొల్పిరి. వారందరిని ఇక్కడికి రప్పించినది గోదావరి సీమలోని నేతగాండ్ర పనితనము. డచ్చివారి స్థానము 1825లో ఆంగ్లేయుల వశమయ్యెను.

కోరంగిని దెబ్బ తీసినవి రెండు. ఒకటి మేట, నదీముఖము పూడిపోవుచుండగా ఓడలు లోపలికి రాజాలకపోయెను. రెండవది తుపాను. 1789లో ఒకమారు, 1839 నవంబరులో మరియొకమారు సముద్రము ఉప్పెనగా వచ్చి ఊరిని ముంచివేసెను. 1839 నాటి తుపానును గూర్చి కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ ఓడల దినచర్యలను సేకరించి శాస్త్రీయముగ పరిశీలించెను. తుపానులో గాలి కేంద్రము చుట్టును సుడి తిరుగునని చూపుచు, 1848లో 'సైక్లోన్' అను పదమును కల్పించినవాడు ఇతడే. నేడు లోకమంతయు వాడు ఆ మాట వెనుక మన కోరంగి కష్టమునకు కూడ చోటు కలదు.

కోరంగి పేరు మరియొక విధముగ కూడ నిలిచినది. ఈ తీరము నుండి వేలాది తెలుగువారు బర్మాకు పోయి రంగూను రేవులోను, ధాన్యపు మిల్లులలోను పనిచేసిరి. వారిని బర్మావారు 'కోరంగీలు' అని పిలిచిరి. ఊరు చితికినను పేరు సముద్రము దాటినది. అయితే ఈ వలస ఒక సంగతిని కూడ తెలుపును : రేవు ఉన్నను ఊరిలో చాలినంత పని లేనిచో, ఆ రేవునుండి మొదట ఎగుమతి అగునది మనుష్యుల శ్రమయే.

ఆనకట్ట, కాలువలు

రేవునకు ప్రాణము దాని వెనుక ఉన్న భూమి. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగములో గోదావరి సీమ కరవులతో కృశించినది. ప్రక్కనే మహానది ప్రవహించుచున్నను నీరు పొలములకు ఎక్కదు. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనపై ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో పూర్తియయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టబడిన ఆ ఆనకట్ట వలన డెల్టాలో వరి స్థిరపడెను.

కాటన్ కాలువలను నీటిపారుదల కొరకు మాత్రమే ఉద్దేశింపలేదు. అవి పడవదారులు కూడ. దీనిలోని శాస్త్రమును విద్యార్థులు గమనింపవలెను. మట్టిబాటపై బండిచక్రమునకు కలుగు ఘర్షణ అధికము. వానకాలమున చక్రము దిగబడి బండి కదలనే కదలదు. నీటిమీద తేలు పడవకు అట్టి ఘర్షణ లేదు. నీరు కలిగించు నిరోధము వేగముతోపాటు త్వరగా పెరుగును. కావున మెల్లగ పోవు పడవకు అది మిక్కిలి స్వల్పము. గట్టున నడుచుచు త్రాడుతో లాగు ఇద్దరు ముగ్గురు మనుష్యులు అనేక బండ్లకు సరిపడు బరువును లాగికొని పోగలరు. నేల పల్లమగు చోట్ల లాకులు కట్టిరి. లాకు అనగా రెండు తలుపుల నడుమ ఉన్న నీటిగది. పై తలుపు తెరచి పడవను లోనికి రానిచ్చి మూసివేసి, గదిలోని నీటిని క్రమముగా దిగువమట్టమునకు తగ్గించి, పిదప క్రింది తలుపు తెరతురు. పడవ మెట్టు దిగినట్లు దిగిపోవును.

కాకినాడ కాలువ ఈ రేవును ధవళేశ్వరముతో కలిపినది. గోదావరి కాలువలు ఏలూరు మీదుగ కృష్ణ కాలువలను, అవి బకింగ్‌హాం కాలువను కలియుటచే కాకినాడనుండి చెన్నపట్నము వరకు నీటిదారి ఏర్పడినది. అట్లు చిన్న రేవు వెనుక రెండు డెల్టాలు వచ్చి నిలిచినవి. 1866లో కాకినాడ పురపాలక సంఘమును ఏర్పరచిరి.

ప్రత్తి తెచ్చిన కలిమి

1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినది. అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోగా, భారతదేశపు ప్రత్తికి ఎన్నడు లేని గిరాకి కలిగెను. గుంటూరు, కృష్ణా సీమల ప్రత్తి కాలువలమీద కాకినాడకు చేరి ఓడలెక్కెను. ఇంచుక ఎరుపుచాయ గల ఆ ప్రత్తికి వర్తకలోకములో 'కొకనాడ' అనియే పేరు. అది పండినది కాకినాడలో కాదు; కాని గింజ తీసి, బేళ్ళు కట్టి, ఓడకెక్కించినది ఇక్కడ. పండించిన చోటికి గాక పని జరిగిన చోటికి పేరు దక్కినది.

ఆ ధనము కొంత విద్యగా మారుట ఈ ఊరి అదృష్టము. 1884లో స్థాపింపబడిన పిఠాపురము రాజా కళాశాల కోస్తా జిల్లాలలోని విద్యార్థులకు ఆశ్రయమయ్యెను. 1946లో విశాఖపట్నమున ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల పిదప కాకినాడకు తరలివచ్చెను. 2008లో అది విశ్వవిద్యాలయ స్థాయిని పొందెను. 1958లో రంగరాయ వైద్యకళాశాల వెలసెను. రేవు మందగించిన దశాబ్దములలో సైతము ఈ పట్టణము నిలద్రొక్కుకొనుటకు ఈ విద్యాలయములు కొంత ఆధారమైనవి.

వెనుకబాటు

1890ల దశాబ్దములో తూర్పుతీరపు రైలుమార్గము వచ్చెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై వంతెన తెరువబడెను. ప్రధానమార్గము సామర్లకోట మీదుగ పోగా, కాకినాడకు శాఖామార్గము మాత్రమే దక్కెను. రైలు ఏడాది పొడవున నడచును. కాలువలు మరమ్మతుల కొరకు వేసవిలో కట్టివేయబడును. ఇంతకాలము కాకినాడకు తప్పనిసరిగా వచ్చిన సరకు ఇక చెన్నపట్నమునకైనను పోవచ్చును. 1933లో విశాఖపట్నమున లోతైన నౌకాశ్రయము తెరువబడెను. అచట ఓడ ఒడ్డునకే ఆనును. ఇచట పడవపైకి ఒకమారు, ఒడ్డుపైకి ఒకమారు సరకు చేతులు మారవలెను. రెండవ ప్రపంచయుద్ధ కాలములో, 1942లో, బర్మా రాకపోకలు తెగిపోయెను. ఇట్లు ఒక్కొక్క ఆధారమే సడలగా రేవు చిన్నవోయెను.

మచిలీపట్నము కథ ఇంతకంటె విషాదకరము. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో అక్కడ సుమారు ముప్పదివేలమంది మరణించిరి. ఒకనాడు గోలకొండ రాజ్యమునకు ముఖద్వారమైన ఆ రేవు ఆ పూర్వవైభవమును మరల చూడలేదు. కాకినాడ పూర్తిగా పడిపోకుండుటకు అఖాతపు రక్షణయు, వెనుకనున్న వరిసీమయు కారణములు.

మరల పుంజుకొనుట

ఇరువదవ శతాబ్దపు చివరి భాగములో రెండు మార్పులు వచ్చినవి. మొదటిది, కృష్ణా–గోదావరి లోయలో సహజవాయువు దొరకుట. వాయువునుండి అమ్మోనియా, దానినుండి యూరియా తయారగును. 1980ల చివరను, 1990ల మొదటను కాకినాడలో ఎరువుల కర్మాగారములు ఆరంభమైనవి. ముడిపదార్థములు ఓడలలో వచ్చును. వాయువు గొట్టములలో వచ్చెడిది. తయారైన ఎరువు పరిసర పొలములకును పోవును. రేవు, పరిశ్రమ, వ్యవసాయము ఒకదానినొకటి పోషించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము అరుదు. 2002లో సముద్రగర్భమున కనుగొన్న వాయువు 2009లో గాడిమొగ తీరమునకు చేరెను.

రెండవది, లోతైన రేవు. బురదను త్రవ్వి, అలలకు అడ్డుకట్ట వేసి నిర్మించిన ఈ రేవు 1997లో పనిచేయ మొదలిడెను. 1999లో దాని నిర్వహణ ప్రైవేటు సంస్థకు అప్పగింపబడెను. పెద్ద ఓడలు ఒడ్డునకు రాగా, దిగుమతియైన ముడి పామాయిలును శుద్ధిచేయు కర్మాగారములు ఆ చెంతనే వెలసినవి. లంగరు రేవు మాత్రము మూతపడలేదు. బియ్యపు బస్తాలు నేటికిని బార్జీలమీద ఓడలకు పోవుచున్నవి. లోతైన రేవులో యంత్రములు ఎక్కువ, మనుష్యులు తక్కువ. లంగరు రేవులో మనుష్యులకు పని ఎక్కువ. రెండును ప్రక్కప్రక్కన ఉండుట ఈ ఊరి ప్రత్యేకత.

2008లో కాకినాడ–పుదుచ్చేరి నీటిదారి నాలుగవ జాతీయ జలమార్గముగ ప్రకటింపబడెను. 2022 ఏప్రిల్ 4న తూర్పుగోదావరి జిల్లా విభజింపబడి, కాకినాడ కేంద్రముగ ఒక చిన్న జిల్లా ఏర్పడెను.

చెల్లింపవలసిన వెల

అభివృద్ధి ఉచితముగ రాదు. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ తీరము ఏటేట కోతకు గురియగుచున్నది. తీరము వెంట ఉత్తరమునకు పోవలసిన ఇసుకలో కొంత హోప్ ఐలండు తిన్నెలోనే చిక్కుకొనును. నదిపై కట్టిన ఆనకట్టల వలన సముద్రమునకు చేరు మట్టియు తగ్గినది. ఇల్లు కోల్పోవు బెస్తవానికి రేవు ఆదాయపు లెక్కలు ఓదార్పునీయవు. ఆ ఉప్పాడలోనే జాందానీ చీరలు నేయు నేతగాండ్రు కలరు. వారి నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఓడల సరకుతో ప్రమేయము లేకయే తీరప్రజలు జీవింపగల వృత్తులను కాపాడుటయు అభివృద్ధిలో భాగమే.

దక్షిణమున కోరంగి మడ అడవులు 1978నుండి అభయారణ్యముగ ఉన్నవి. మడచెట్ల వేళ్ళు మట్టిని పట్టియుంచును. ఉప్పెన వేగమును తగ్గించును. రొయ్యలకు, చేపపిల్లలకు పెంపకపు తావు కల్పించును. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. 1839ని మరచిపోరాదని ఆ రాత్రి గుర్తుచేసినది. రేవు విస్తరించునప్పుడు మడ అడవిని ఖాళీస్థలముగ గాక కాపలాగోడగ లెక్కించుట అవసరము.

రేవుపట్టణమునకు నాలుగు ప్రశ్నలు

ఈ చరిత్రనుండి ఏ చిన్న రేవునకైనను వేయదగిన ప్రశ్నలు నాలుగు తేలుచున్నవి. నీటికి రక్షణ ఎక్కడనుండి వచ్చుచున్నది? రేవు వెనుక ఉన్న భూమి ఏమి పండించును, ఆ పంట రేవునకు ఏ దారిన చేరును? వచ్చిన సరకులో ఎంత భాగము ఆ ఊరిలో రూపు మారుచున్నది? ఆ పనిని నేర్చినవారు స్థానికులా, పైవారా? కాకినాడ పెరిగిన కాలములలో మొదటి మూడింటికి మంచి సమాధానములు ఉండెను. దారి మారినప్పుడు రెండవది తప్పి వెనుకబడెను. విద్యాలయములు నాలుగవదానికి కొంత బదులు చెప్పినవి.

ఉపాధ్యాయులు తరగతిలో ఆంధ్రతీరపు పటమును తగిలించి, భీమునిపట్నము, మచిలీపట్నము, కృష్ణపట్నములను గూర్చి ఈ నాలుగు ప్రశ్నలనే విద్యార్థులచే వేయించవచ్చును. ఒక్కొక్క రేవునకు సమాధానములు వేరుగా వచ్చును. భూగోళము, చరిత్ర, భౌతికశాస్త్రము, అర్థశాస్త్రము ఒకే పటముమీద కలిసికొనుటను వారు స్వయముగ చూడగలరు.