బజారు ప్రసంగమూ – పల్లె విశ్వాసమూ

కొన్నేళ్ల కిందట మాచర్ల బస్టాండు ఎదుట ఒక సాయంత్రం జనం గుమిగూడారు. పై ఊరి నుంచి జీపులో వచ్చిన ఒక బోధకుడు మైకు పట్టుకొని, దారిన పోయేవాళ్ల దేవుళ్లను పేరుపేరునా పిలిచి నిందిస్తున్నాడు. పది నిమిషాల్లో కేకలు, అరగంటలో తోపులాట. పోలీసులు వచ్చారు. బోధకుడు జీపెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు మా బడి దగ్గర పండ్లమ్మే ముసలమ్మను, ఆమె రోజూ ప్రార్థనకు వెళ్లే మనిషే, ఈ సంగతి కదిలిస్తే ఒకే మాట అన్నది: “ఆయన జీపెక్కి పోయె. తెల్లారి బోరింగు కాడ మాటలు పడేది మేం గదయ్యా!”

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. నడివీధిలో నిలబడి, ఎదుటివాడి నమ్మకాన్ని ఢీకొని చేసే ప్రసంగం వల్ల క్రైస్తవం మన తెలుగునాట వ్యాపించిందా? వ్యాపించిందనే బోధకుడు నమ్ముతున్నాడు. విచిత్రమేమంటే అతని మీద రాయి విసిరేవాడి నమ్మకమూ అదే. మైకు మనుషుల్ని మార్చేస్తుందని ఇద్దరూ అనుకుంటున్నారు. చరిత్ర మాత్రం ఈ ఇద్దరినీ సమర్థించదు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. అప్పటినుంచి పాతికేళ్లు ఆ మిషను చేసిన ప్రధానమైన పని బజారు ప్రసంగమే. సంతల్లో, తిరునాళ్లలో, సత్రాల ముందు నిలబడి మాట్లాడడం, కరపత్రాలు పంచడం, వాదానికి వచ్చిన పండితుడితో వాదించడం. ఫలితం? వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. తెలుగు మిషనును మూసేద్దామా అని అమెరికాలోని సంఘం ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడింది. 1853లో ఆ చర్చ సాగినప్పుడే దానికి ‘ఒంటరి నక్షత్రం’ అనే పేరు స్థిరపడింది. ఆ పేరులో ఆశ ఎంత ఉందో వైఫల్యమూ అంతే ఉంది.

మన గుంటూరు సీమలో లూథరన్ మిషనరీ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. కలెక్టరు స్టోక్సు ప్రోత్సాహంతో 1849లో పల్నాటికి వచ్చి, గురజాలలో కాపురం పెట్టాడు. ఆయనా బజారులో మాట్లాడినవాడే. కాని పల్నాటిలో ఆయన పని నిలబడడానికి బళ్లూ, పల్లెల్లో తిరుగుళ్లూ, అక్కడే ఉండి జ్వరాల సీమ కష్టం పంచుకోవడమూ కారణాలు. గురజాలలో నివసించేవాడి మాటకూ, గురజాల మీదుగా పోయేవాడి మాటకూ తేడా ఉంటుందని పల్లెవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

అసలు మలుపు ఒంగోలులో వచ్చింది. ఆ మలుపు తిప్పింది దొర కాదు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వర్తకుడు. క్రైస్తవం తెలియకముందే ఆయన రాజయోగ మార్గంలో గురువుల్ని ఆశ్రయించినవాడు, తత్త్వం వెతుక్కుంటున్నవాడు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి, ఏలూరు వైపు వెళ్లినప్పుడు కొత్త మతం మాట ఆయన చెవిన పడింది. 1866లో బాప్తిస్మం పొందాడు. అదే సంవత్సరం జాన్ క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చాడు. ఆ తరువాత ఆ మాట నడిచిన దారి బజారు కాదు. అది తోళ్ల బేరం దారి, వియ్యపు దారి, ఒక మాదిగపల్లె నుంచి మరో మాదిగపల్లెకు చుట్టరికం వేసిన కాలిబాట. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ కథను ఆ ముసలివాళ్ల నోటి నుంచే సేకరించింది. ఆ పుస్తకానికి ఆమె పెట్టిన పేరులోనే చెప్పులు కుట్టే పని ఉంది. వాక్యం విన్నది నాలుగు రోడ్ల కూడలిలో కాదు, ఆరె, కత్తి చేతపట్టిన చోట.

ఇక్కడొక న్యాయం పాటించాలి. ఏలూరు వైపు ఎవరో బోధించకపోతే పేరయ్య వినేవాడు కాడు గదా అని అడగవచ్చు. నిజమే. బహిరంగ బోధ వల్ల మాట గాలిలోకి వెళ్లింది. కాని మిషనరీ ఎవరితో వాదించాడు, ఎవరు విన్నారు అన్నది చూడాలి. ఆయన గెలవాలనుకున్నది అగ్రహారపు పండితుణ్ణి, బజారు కోమటిని. వాళ్లు వాదించారు, నవ్వారు, వెళ్లిపోయారు. దేవాలయంలోకి అడుగు పెట్టనివ్వని మనిషి గుంపు చివర, దూరంగా నిలబడి, తనతో ఎవరూ అనని మాటను విన్నాడు. వాగ్వాదం అతనికి అక్కరలేదు. ‘నువ్వూ మనిషివే’ అనే భాగం ఒక్కటే అతను ఇంటికి తీసుకుపోయాడు.

1876–78 కరువు ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలు. పక్క బెత్తెళ్లలో కూలిలో కోతలూ తిట్లూ ఉంటే, ఇక్కడ కూలి చేతికి వచ్చేది, మధ్యాహ్నపు విశ్రాంతిలో మాట వినపడేది. కూటి కోసం మతంలో చేరారన్న నింద రాకూడదని ఆయన పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపాడు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీన్ని దైవకార్యమని కొందరు, గంజినీళ్ల క్రైస్తవమని మరికొందరు రాశారు. ఆకలి ప్రమేయం లేదనడం అబద్ధం. ఆకలి ఒక్కటే కారణమనడం అంతకన్నా పెద్ద అబద్ధం, అది ఆ మనుషుల బుద్ధిని అవమానించడం. తిట్టని మేస్త్రీని వాళ్లు జీవితంలో మొదటిసారి చూశారు.

ఐతే ఆ చరిత్రలో ఘర్షణ లేదా? ఉంది. కాని అది మాటల ఘర్షణ కాదు. కొత్తగా చేరేవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. పైకి ఇవి మతనియమాలు. ఊరి కట్టుబాటులో పెట్టి చూస్తే ఒక్కొక్కటీ ఒక తిరుగుబాటే. ఆదివారం రానంటే వెట్టికి రానన్నట్టు. గొడ్డుమాంసం ముట్టనంటే, ఊరు విసిరేసిన దానితో బతకనన్నట్టు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి ఉత్సవానికే గొంతు లేకుండా పోతుంది. అందుకే పెత్తందార్లు మండిపడ్డారు, నీళ్లు కట్టేశారు, కేసులు పెట్టారు. కూడలిలో దొర వెయ్యి ప్రసంగాలు చేస్తే కదలని ఊరు, పల్లెలో ఒక మాదిగ డప్పు దించితే కదిలింది. బహిరంగ ఘర్షణ ఫలించిందంటే ఇక్కడ ఫలించింది. అది చేసినవాడు మర్నాడు జీపెక్కి పోలేదు. ఆ ఊళ్లోనే బతికాడు.

బజారు వాగ్వాదం నిజంగా పుట్టించింది ఏమిటి? ప్రతివాదాన్ని. 1807లో శ్రీరాంపూరు అచ్చుకూటం నుంచి ముహమ్మదు ప్రవక్తను దూషించే కరపత్రం వెలువడితే, వెల్లూరు తిరుగుబాటు భయం ఇంకా తీరని మింటో ప్రభుత్వం మిషనరీల అచ్చుకూ బోధకూ ఆంక్షలు పెట్టింది. మద్రాసులో 1887లో హిందూ ట్రాక్టు సొసైటీ పుట్టి, మిషనరీల నుంచే నేర్చుకొని, కరపత్రాలతో, వీధి ప్రసంగాలతో వాళ్లను ఎదుర్కొంది. తిట్టు తిట్టునే కన్నది. ఆ కరపత్రాల్లో ఇటువైపువి గాని అటువైపువి గాని ఇవాళ ఎవరికి కంఠతా వచ్చు?

సాహిత్య విద్యార్థిగా ఇక్కడ పురుషోత్తమ చౌదరి (1803–1890) సంగతి చెప్పాలి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఈ కవి ఖండన రచనలూ చేశాడు, కీర్తనలూ రాశాడు. ఖండనలు పరిశోధకుల బీరువాల్లో ఉన్నాయి. కీర్తనలు పల్లెల్లో నోళ్ల మీద ఉన్నాయి. తెలుగువాడి చెవి వాదాన్ని వింటుంది, పాటను ఉంచుకుంటుంది. బక్త్‌సింగ్ అనుచరులు వీధుల్లో చేసిన ఊరేగింపుల్లోనూ జనం నిలబడి విన్నది పాటనే. దోర్నకల్ బిషప్పు అజరయ్య కాలంలో, 1920–30ల్లో, శూద్ర కులాల వాళ్లు వేల సంఖ్యలో చేరడానికి ముఖ్యంగా చెప్పుకున్న కారణం ప్రసంగం కాదు, తమ పొలాల్లో పనిచేసే మాలమాదిగల బతుకులో వచ్చిన మార్పు. ఫిరంగిపురంలో, మన రెంటచింతలలో తరాలుగా ఉన్న రెడ్డి క్యాథలిక్కు కుటుంబాలదీ వీధి ప్రసంగం చరిత్ర కాదు. వాళ్లలో విశ్వాసం చుట్టరికంతో వచ్చింది. కులాన్నీ వెంటబెట్టుకు వచ్చిందన్నది వేరే విమర్శ. ఆ విమర్శ చేయక తప్పదు.

పల్నాటివాడికి ఇది కొత్త పాఠం కాకూడదు. బ్రహ్మనాయుడి పేరు ఇన్ని శతాబ్దాలు నిలిచింది కులాల మీద ఉపన్యసించినందుకు కాదు. చాపకూడు పెట్టినందుకు, మాల కన్నమదాసును కొడుకుగా చేపట్టినందుకు. అందులో చరిత్ర ఎంత, కథ ఎంత అని పండితులు తర్కించవచ్చు. కారెంపూడిలో వీరుల కథ వినే జనం మాత్రం ఆ పనినే గుర్తుపెట్టుకున్నారు.

ఇక నేటి సంగతి. వీధి బోధకుడు అడిగేది బహిరంగంగా ఒప్పుకొమ్మని. ఆ ఒప్పుకోలు ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడినని రాయించుకుంటే షెడ్యూల్డు కులపు హోదా పోతుంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు గాని, క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో వాళ్లకు మిగిలింది బి.సి.–సి కింద ఒక్క శాతం. అందుకే పల్లెలో కాగితం మీద ఒక పేరు, ప్రార్థనలో ఒక పేరు. దీన్ని మోసమనడం సులభం. మతం మారినా మారని కులాన్ని అనుభవిస్తున్నవాడికి, కులం పోయిందని కాగితం ఇవ్వడం అంతకన్నా పెద్ద మోసం. 1985 జూలై 17న కారంచేడులో కొట్టినవాళ్లు బాప్తిస్మపు పత్రాలు అడిగి కొట్టలేదు. పారిపోయి వచ్చినవాళ్లకు చీరాలలో చర్చి ఆవరణ నీడనిచ్చింది. క్రైస్తవానికి అంతకన్నా గొప్ప బహిరంగ ప్రసంగం ఉంటుందని నేననుకోను.

మత ప్రచారం రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కు. పుణ్యక్షేత్రాల ఆవరణల్లో అన్యమత ప్రచారాన్ని మన శాసనసభ 2007లో నిషేధించింది గాని, మాచర్ల బజారు అందరిదీ. అక్కడ మాట్లాడినవాడి మీద చెయ్యి చేసుకోవడం నేరమే, అది భక్తి కాదు. ఒకప్పుడు చెప్పులు చేతపట్టుకొని నడవాల్సిన వీధిలో, ఆ కులంలో పుట్టినవాడు నిలబడి గొంతెత్తడం దానంతటదే ఒక చారిత్రక విజయం. దాన్ని చిన్నచూపు చూడలేం. కాని ఆ గొంతుతో ఏమంటున్నాడు? పెత్తందారును నిలదీస్తున్నాడా, లేక తన పక్క గుడిసెలో పోలేరమ్మకు దీపం పెట్టే మరో కూలిమనిషిని తిడుతున్నాడా? రెండోదైతే అది ధైర్యం కాదు, అలవాటు. దాని ఫలం నూట ఎనభై ఏళ్ల కిందట నెల్లూరులో పండినంతే పండుతుంది.

వచ్చిన బోధకుడు పండ్ల ముసలమ్మను ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది. నలభై ఏళ్లుగా ఆమె అదే బజారులో, ఎవరి దేవుణ్ణీ తిట్టకుండా, తూకంలో మోసం చేయకుండా కూర్చుంటున్నది. ఊళ్లో ఆమె విశ్వాసం ఏమిటో తెలియనివాళ్లు లేరు.